ముడులు లెక్కపెట్టిన పంతులు

అనుమానం పెనుభూతం అంటారు. నాకది కులదైవం. మజ్జిగ పలచబడితే మా ఆవిణ్ణి, ఉత్తరం ఆలస్యమైతే టపా బంట్రోతుని, కడుపునొప్పి వస్తే ముందురోజు భోజనం పెట్టినవాళ్లని అనుమానించేవాణ్ణి. ఇలాంటివాడు పోలీసు కావాలి, లేకపోతే ప్లీడరు కావాలి. నేను బడిపంతుల్నయ్యాను. పంతొమ్మిదివందల ఇరవైల నడుమ, దక్షిణపు కొండల్లో ఫితూరీ అణిగిన మరుసటేడు, నన్ను అరకు లోయలో ఒక కొండ ఊరి బడికి వేశారు.

శృంగవరపుకోటలో బండెక్కి, అనంతగిరి ఘాటు మీదుగా మూడు రోజులు ప్రయాణం చేసి ఆ ఊరు చేరాం, నేనూ మా ఆవిడా. ముప్పై గడప ఉంటుంది. ఎర్రమట్టి అలికిన గోడలు, గడ్డికప్పులు, వెనక కొండవాలులో పోడు. బడి అంటే నాలుగు గుంజల మీద ఒక పాక. ఊరికి అవతల మెట్ట మీద పాత కోట ఒకటి పడిపోయి ఉంది. గోడ మోకాలెత్తు కూడా మిగల్లేదు, లోపల మేకలు మేసేవి. అది ఏ రాజుదో సర్కారు కాగితాల్లో లేదు.

కొండెక్కే ముందు ఏజెన్సీ డిప్యూటీ తాసిల్దారుగారు నన్ను పిలిపించారు. కాగితాల్లోంచి తల ఎత్తకుండానే, "మేష్టారూ, పాఠాలు ఎలాగూ చెప్తారు. దాంతోపాటు కళ్లూ చెవులూ తెరిచి ఉంచండి. ఈ కొండవాళ్లు మళ్లీ ఏం తలపెడతారో తెలీదు. ఎంత చిన్న సంగతైనా నాకు రాయండి," అన్నారు. ఇంకొకరైతే ఇబ్బంది పడేవారేమో. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నాకు బుద్ధి తెలిశాక, నా అనుమానం కూడా ఒక పనికి వస్తుందని గుర్తించిన మొదటి మనిషి ఆయనే.

ఆ రోజుల్లో నేను పై పరీక్షకు ప్రైవేటుగా చదువుతున్నాను. చరిత్రలో రెండుసార్లు తప్పాను. మూడోసారైనా గట్టెక్కాలని, మహాసామ్రాజ్యాలు ఎందుకు కూలిపోయాయన్న ప్రశ్నకు జవాబు బట్టీపట్టేవాణ్ణి. రోముకు ఏడు కారణాలు, మగధకు ఆరు, విజయనగరానికి ఐదు. చేతకాని వారసులు, మితిమీరిన విలాసం, బరువైన పన్నులు, పొలిమేరల్లో శత్రువులు, సొంతవాళ్ల ద్రోహం. ఈ చివరిదంటే నాకు మహా ఇష్టం. ఇంటిగుట్టు లంకకు చేటు అని పెద్దలు ఊరికే అన్నారా? కొంప కూల్చేవాడు ఎప్పుడూ కొంపలోనే ఉంటాడని, వాణ్ణి ముందే కనిపెట్టి ఉంటే రోము ఇవాళ్టికీ ఉండేదని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతంతో పరీక్ష పాసవలేదు కానీ, దానితో నేను చేసిన నిర్వాకం ఇంకొకటి ఉంది.

సాయంత్రాలు నేను అరుగు మీద పైకి చదువుతుంటే ఊరి దిసారి వచ్చి కూర్చునేవాడు. దిసారి అంటే మంచిరోజులు చెప్పేవాడు, విత్తనం బయటికి తీసే ముందు దానికి పూజ చేసేవాడు. డెబ్భై ఏళ్లుంటాయి. ఎముకలూ నరాలూ తప్ప ఒంట్లో ఇంకేమీ లేదు. చుట్ట అడ్డపొగ పెట్టి, నా రాజులంతా తన దూరపు చుట్టాలైనట్టు శ్రద్ధగా వినేవాడు.

"ఆ రోము రాజుకి మాలాటి కొండోళ్లు ఉండీవోరేటి బాబూ?" అని అడిగాడు ఒకసారి.

ఉండేవారన్నాను.

"ఆళ్ల విత్తనాల పండక్కి రాజు ఒచ్చీవోడా?"

రోము చక్రవర్తికి విత్తనాల పండగతో ఏం పని అని నవ్వాను. ఆయన నవ్వలేదు. ఈ ముసలాడికి రాజుల రాకపోకల గొడవ ఎందుకని నాకు వెంటనే అనుమానం తగిలింది. ఆ మాట నోటుపుస్తకంలో రాసిపెట్టుకున్నాను కూడా.

చైత్రంలో ఒకరోజు పొద్దున్నే ఇద్దరు పొరుగూరి మనుషులు గట్టు దిగి వచ్చారు. దిసారి చేతికి ఏదో ఇచ్చి, గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. ఆ ఊళ్లో గడప తొక్కినవాణ్ణి అంబలి తాగకుండా పంపరు. వీళ్లు తాగలేదు. నాకు అదొకటి చాలు. వాళ్లు వెళ్లాక ఏదో పనున్నట్టు దిసారి ఇంటి ముందు నుంచి నడిచాను. చూరుకి అడ్డాకు తీగ నారతో పేనిన తాడు వేలాడుతోంది. దానికి ఎనిమిది ముడులు ఉన్నాయి.

మర్నాడు చూస్తే ఏడు. ఆ మర్నాడు ఆరు. తెల్లవారగానే ముసలాయన లేచి, ముఖం కూడా కడుక్కోకుండా ఒక ముడి విప్పుతున్నాడు. నేను రోజూ అటు నడుస్తూ లెక్కపెడుతున్నాను. ఆ వారంలోనే అటకల మీది విల్లులు కిందికి దిగాయి. గొడ్డళ్లకి కొత్త కామలు పడ్డాయి. బాణాల ములుకులు రాళ్ల మీద నూరే చప్పుడు సాయంత్రాలు పాఠం చదువుకోనివ్వలేదు. అంతా కలిపి చూసుకున్నాను. చివరి ముడి విప్పేది గురువారం. డిప్యూటీ తాసిల్దారుగారు సంత దగ్గర మకాం వేసేదీ గురువారమే. రోముకు దొరకని అవకాశం నాకు దొరికింది.

ఆ తాడు ఏమిటని ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్పేవారు. మా ఆవిడ రోజూ నీళ్లకి వెళ్లి, ఊటగెడ్డ వాగు దగ్గర ఆడవాళ్లతో గంటసేపు కబుర్లాడి వచ్చేది. ఆవిణ్ణి అడిగినా చెప్పేది. నేను అడగలేదు. అడిగితే జాగ్రత్తపడిపోతారు కదా! ఇంకా నాలుగు ముడులుండగా చీటీ రాశాను. టపావాడికిస్తే దారిలో విప్పి చదువుతాడేమోనని, కడుపునొప్పికి మందు తెచ్చుకుంటానని ఊళ్లో చెప్పి, పది మైళ్లు నడిచి ఠాణాలో నా చేత్తోనే ఇచ్చి వచ్చాను.

గురువారం పొద్దున మగవాళ్లు విల్లులూ గొడ్డళ్లూ పట్టుకుని, డప్పు కొట్టుకుంటూ ఊరు దాటారు. గెడ్డ మలుపులో కానిస్టేబుళ్లు తుపాకులతో కాచుకుని ఉన్నారు. మావాళ్లు పారిపోలేదు. పారిపోవాలని వాళ్లకి తోచనే లేదు. ముందు నడుస్తున్న దిసారి చేతులు జోడించి, "మీరూ ఏటకి ఒత్తారేటి బాబూ?" అని వాళ్లని అడిగాడట. ఆయన్నీ, ఇంకో ఆరుగుర్నీ తాళ్లతో కట్టి ఘాటు దింపి తీసుకుపోయారు. నేను బడిపాకలోంచి అదంతా చూశాను. అబద్ధమెందుకు, ఆ పూట నాకు అన్నం రెండు ముద్దలు ఎక్కువే దిగింది.

భోజనం అవుతుండగా మా ఆవిడ ఉత్త బిందెతో తిరిగొచ్చింది.

"ఏటండీ ఈ ఘోరం! వేట పండక్కి వెళ్తున్నవాళ్లని దొంగల్లా కట్టేసి తీసుకుపోయారు," అంది.

అప్పుడు చెప్పింది. ఏటా విత్తనాలు చల్లే ముందు నాలుగైదు ఊళ్ల మగవాళ్లు కలిసి వేటకి వెళ్తారు. ఏ రోజు కలవాలో తెలియడానికి పెద్ద ఊరి నుంచి ముడులు వేసిన తాడు వస్తుంది. రోజుకొక ముడి విప్పుకుంటూ, ఆఖరి ముడి విప్పిన పొద్దున బయల్దేరాలి. ఊరూరికీ తాడు అందించేవాళ్లు ఎక్కడా ఆగి అంబలి తాగరు, ఆలస్యమవుతుందని. కొట్టుకొచ్చిన జంతువుని దేవుడి రాళ్ల ముందు పెట్టి, దిసారి విత్తనాలకి పూజ చేస్తాడు. అది జరిగేదాకా ఎవరూ విత్తనం ముట్టుకోరు. ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగవాళ్ల మీద ఆడవాళ్లు పేడనీళ్లు కొట్టి వేళాకోళం చేస్తారు. ఆ నీళ్లు కుండల్లో కలిపి గుమ్మాల ముందు సిద్ధంగా పెట్టుకున్నారట.

"ఆ తాడు సంగతి నీకెలా తెలుసు?" అన్నాను, ఆవిణ్ణి కూడా అనుమానంగా చూస్తూ.

"అడిగాను," అంది. తర్వాత నా ముఖంలోకి చూసి, "మీరేనా?" అంది. నేను కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను.

అప్పటికైనా పరుగెత్తుకెళ్లి తప్పయిందని చెప్పాల్సింది. చెప్పలేదు. అనుమానం అంత తేలిగ్గా ఓడిపోదు. పండగ ఉన్నమాట నిజమే, కానీ పండగ మాటున ఇంకేదో ఉందేమో? ఆడవాళ్లకి ఆ సంగతి తెలియకపోవచ్చు కదా? ఇలా తవ్వుకుంటూ రోజులు గడిపాను. పైగా నౌకరీ పోతుందన్న భయం. రెండు రోజుల్లో విడిచిపెట్టేస్తారులే అనుకున్నాను. వైశాఖం అయిపోయింది. వాళ్లు రాలేదు.

జ్యేష్ఠంలో వానలు ముందే దిగాయి. కాల్చిన పోడు మీద బూడిద తడిసి నల్లబడింది. చుట్టూ ఊళ్లలో సామలూ చోళ్లూ చల్లుతున్నారు. మా ఊళ్లో విత్తనం బుట్టలు చూరుకి వేలాడుతూనే ఉన్నాయి. ఇంకో వారం దాటితే అదును పోతుంది. అదును పోతే ఏడాదంతా తిండి లేదు. ఆ సంగతి నాకు పాఠంకంటే స్పష్టంగా తెలుసు. దిసారి భార్య దగ్గరికి వెళ్లి, పూజ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు విత్తనాలు చల్లండి అని బతిమాలాను.

"ఎలగ బాబూ?" అంది ఆవిడ, కోపం లేకుండానే. "విత్తనం ఇంకా నిద్దరోతంది. లేపీవోడు నీ సర్కారు కొట్లో ఉన్నాడు."

మర్నాడే వానలో ఘాటు దిగాను. డిప్యూటీ తాసిల్దారుగారి ముందు తడిబట్టలతో నిలబడి, తాడు సంగతి, పండగ సంగతి, విత్తనాల సంగతి మొత్తం చెప్పాను. నేనే పొరబడ్డానని, వాళ్ల తప్పేమీ లేదని దండం పెట్టాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఎవరు బెదిరించారు మేష్టారూ?" అన్నారు.

"ఎవరూ బెదిరించలేదండి. నా అంతట నేనే..."

"చూశారా, పేరు చెప్పడానికే భయపడుతున్నారు. మేం అనుకున్నదానికంటే లోతుగా ఉన్నట్టుంది ఈ వ్యవహారం."

అనుమానం ఉందని రాస్తే ఒక్క చీటీకే నమ్మారు. అనుమానం లేదని కాళ్లు పట్టుకున్నా నమ్మలేదు. పైగా నాకు రక్షణగా ఇద్దరు కానిస్టేబుళ్లని ఊరికి పంపారు. వాళ్లు నన్నేం రక్షించారో తెలియదు గానీ, ఊళ్లో కోళ్లన్నీ నెల తిరక్కుండా అయిపోయాయి. నా మాట వల్ల విచారణ ఇంకో నెల సాగింది. అదును దాటిపోయింది.

ఆషాఢం చివర ఏడుగుర్నీ ఏ నేరమూ లేదని వదిలిపెట్టారు. అప్పటికి వలిసెలు చల్లుకోవడానికే అదును మిగిలింది. వలిసెలు నూనెగింజలు, వాటితో కడుపు నిండదు. ఆడవాళ్లు మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడిని గెడ్డ నీళ్లలో నానబెట్టి, ఆ పిండితో అంబలి కాచేవారు. మా ఆవిడ చేటలో బియ్యం పట్టుకెళ్తే మర్యాదగా వద్దన్నారు. బడికి వచ్చే పిల్లలు నేనడిగిన ఎక్కాలు అప్పజెప్పేవారు. అడగని మాట ఒక్కటీ మాట్లాడేవారు కాదు.

దిసారి వచ్చిన మూడో నాడు సాయంత్రం, ఎప్పటిలాగే మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. చుట్ట లేదు. మణికట్టు మీద తాడు ఒరుసుకున్న చోట చర్మం ఇంకా నల్లగానే ఉంది. నాకు ఆ మణికట్టు చూడబుద్ధి కాలేదు.

"తాతా, ఆ చీటీ రాసింది నేనే," అన్నాను.

"తెల్సు బాబూ."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు కడుపునొప్పని ఠాణా కాడికి ఎల్లిన నాడే. కడుపునొప్పి మందు నా కాడ ఉంటాదని ఊరందరికీ తెల్సు. నన్నడక్కుండా పది మైళ్లు ఎవుడు నడుత్తాడు?"

"మరి ఆ రోజే వేట ఎందుకు ఆపలేదు?"

"ఎందుకాపాల? దొంగ పని అయితే దాసుకుందుం. ఏట ఆపీసి దాసుకుంటే, నువ్వు రాసింది నిజం అయిపోదా?"

నేను సిగ్గుతో తల దించుకున్నాను. ఆయన మాత్రం మెట్ట మీది కోట వైపు చూస్తున్నాడు.

"నీ బుక్కులో ఆ కోట ఉందేటి?" అన్నాడు. లేదన్నాను. "అయితే ఇను. ఆ కోటలో ముందు ఉన్న రాజు ఏడాదికోపాలి కొండెక్కి ఒచ్చీవోడట. మా తాతల కాడ కూకుని, వానలెలగున్నాయి, పులి ఎటు తిరుగుతంది, ఎవులింట్లో ఏటి కష్టం అని అడిగీవోడు. ఆడు అడిగీవోడు, మావోళ్లు సెప్పీవోళ్లు. తరవాతోడు కోట దిగనేదు. ఆడికి కొండోళ్లంటే బయం. సన్నాసి ఏసం ఏసి మనుసుల్ని అంపీవోడు, ఊళ్లో ఎవుడు ఏటంటన్నాడో సూసి రమ్మని. మావోళ్లకి తెలీదేటి, ఆడు సన్నాసి కాడని? సన్నాసి కాళ్లకి పగుళ్లుంటాయి. అప్పుట్నుంచీ నోర్లు మూసీసినారు. ఓ ఏడు ఇంకో రాజు దండు ఘాటెక్కి ఒచ్చింది. మూడు దినాలు కొండల్లో ఆళ్ల వంట పొగలు మావోళ్లు సూసీరు. కోటకి ఒక్కడూ సెప్పనేదు. ఆ రాజు కూడు కాడ కూకునుండగా ఒచ్చి పట్టుకున్నారట."

"మీవాళ్లు చెప్తే కోట నిలిచేది కదా?" అన్నాను, పంతులు బుద్ధి పోనిచ్చుకోక.

"నిలుసును. గాని ఎవులికి?" అని లేచాడు. మెట్టు దిగుతూ, "రేపు నీ ఆడమనిసిని గెడ్డకి ఒంటిగా అంపకు. ఆ దారిలో ఎలుగు తిరుగుతంది," అన్నాడు. ఆ ఊరు నాకు తనంత తాను చెప్పిన ఆఖరి సంగతి అది.

తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా ఆ ముసలాయన చెప్పిన కారణం నాకు వాటిలో కనిపించలేదు. ఇప్పుడు ఇంగ్లీషువాళ్ల సామ్రాజ్యమూ పోయింది, దానికీ ఎవరో పది కారణాలు రాసి పిల్లల చేత బట్టీపట్టిస్తున్నారు. మన సర్కారు వచ్చింది కాబట్టి అంతా బాగుంటుందని మావాళ్లంతా అంటారు. మొన్నీమధ్య కొండల్లో పనిచేసే ఒక కుర్ర పంతులు నన్ను చూడవచ్చి, "కళ్లూ చెవులూ తెరిచి ఉంచమన్నారండి మా ఆఫీసరుగారు," అని గొప్పగా చెప్పాడు. వాడి మాట విన్నప్పటినుంచీ నాకు ఈ కొత్త సర్కారు మీద కూడా అనుమానమే. జనాన్ని అడగడం మానేసి కనిపెట్టడం మొదలుపెట్టిన ఏలుబడి ఎంతకాలం ఉంటుంది? వాడికి ఇదంతా చెప్పబోయాను. వాడు జేబులోంచి నోటుపుస్తకం తీయడం చూసి మానేశాను.

దిసారి మా అరుగు దిగి వెళ్లిన పది రోజులకి ఒక పొద్దున లేచేసరికి ఊళ్లో రోకలి చప్పుడు లేదు. బయటికి వచ్చి చూశాను. ముప్పై గడపలూ ఖాళీ. విత్తనం బుట్టలు లేవు, కుక్కలు లేవు, పొయ్యిల్లో బూడిద చల్లారి ఉంది. కానిస్టేబుళ్లిద్దరూ బడిపాకలో ఇంకా గుర్రుపెట్టి నిద్రపోతున్నారు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆవిడ నావైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను మెట్టెక్కి చూశాను. పడమటి వైపు, మచ్ఖండ్ నది అవతల, జయపురం రాజుగారి కొండల మీద కొత్త పొగలు లేస్తున్నాయి. లెక్కపెట్టబోయి, మానుకుని దిగి వచ్చేశాను.

వారం రోజులకి డిప్యూటీ తాసిల్దారుగారు గుర్రం మీద వచ్చారు. ఖాళీ ఇళ్లన్నీ కలియతిరిగారు. ఇన్నాళ్లకి మొదటిసారి ఆయన ముఖంలో భయం చూశాను.

"ఎటు పోయారు మేష్టారూ? నది దాటారా? మీరు ఇక్కడే ఉన్నారు, మీకు తెలియకుండా ఎలా ఉంటుంది?" అని గద్దించారు. నది ఇవతలే ఉన్నారంటే, మళ్లీ పట్టి తెప్పిస్తామన్నారు. నది దాటారంటే, రాజుగారికి రాసి తెప్పిస్తామన్నారు.

"జ్వరాలకి భయపడి చెదిరిపోయారండి. తలో దిక్కూ పోయినట్టున్నారు. కనుక్కుని రాస్తాను," అన్నాను. ఆయన నమ్మారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు. గుర్రమెక్కి వెళ్లిపోయారు.

ఇంట్లోకి వచ్చి మా ఆవిడతో, "నాకు తెలియదని చెప్పేశాను," అన్నాను. నెలల తర్వాత ఆవిడ నాతో మంచిగా ఒక మాట అంటుందని ఆశపడ్డాను.

"ఆ నోరు మూసుకోవడం చైత్రంలో నేర్చుకోవాల్సిందండీ," అంది. అని నా కంచంలో అన్నం పెట్టింది. ఆ ఏడాది నది అవతల ఆకలికి ఎంతమంది పోయారో నేను అడగలేదు. అడిగితే ఆవిడ చెప్పేదే.